కుడి మూల చుక్క

జీవితంలో ఎన్నడూ చక్రం తిప్పి ఎరగని మనిషి ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ, దుకాణం షట్టరు సగానికి దించుకుని, కంప్యూటరు ఎలుక నడ్డి మీదున్న బుల్లి చక్రాన్ని చూపుడువేలితో తిప్పాడు. తిప్పీ తిప్పగానే జనం ఘొల్లుమన్నారు. హాలు హాలంతా ఒక్కసారి పగలబడేసరికి అద్దాల బీరువాల్లో వరసగా కూర్చున్న కళ్ళజోళ్ళు గలగలమన్నాయి, జోళ్ళాయన కుర్చీలోంచి ఎగిరి మళ్ళీ కుర్చీలోనే పడ్డాడు. మీట మరిచిపోయాడు, అదీ సంగతి. బామ్మర్ది పొద్దున్నే వచ్చి, పాత నాటకం టేపు ఎక్కించిన పెన్ డ్రైవు పెట్టి, వీడియో నడిపే ప్రోగ్రాము తెరిచి, చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు. కంట్రోల్ అని రాసున్న మీట నొక్కిపట్టి చక్రం తిప్పితే బొమ్మ పెరుగుతుంది, నొక్కకుండా తిప్పితే సౌండు పెరుగుతుంది, బొమ్మ పెరిగాక ఎలుక ఎడమ చెవి నొక్కిపట్టి లాగితే బొమ్మ పక్కకి జరుగుతుంది, చక్రాన్నే కిందికి నొక్కితే మళ్ళీ మొదటికొస్తుంది. జోళ్ళాయన బుద్ధిగా తలూపాడు. కంట్రోలనేది ఇంట్లో ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉండేది కాబట్టి ఆయనకి దాని వాడకం అలవాటు లేదు. "బాణం గుర్తు ఎక్కడ పెడితే అక్కడే పెరుగుతుంది బావా, నీకేం కావాలో దాని మీద పెట్టు" అన్నాడు బామ్మర్ది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, టేపు పాతది కదా, కుడి మూల ఒక చుక్క తెగ మిణుకుతోంది, కంటికి చిరాగ్గా ఉంది, సాయంత్రంలోగా ఆ మూల కత్తిరించేసి సమాజం వాళ్ళందరికీ శుభ్రమైన కాపీలు చేసిస్తానన్నాడు. కత్తిరించుకోరా, నాక్కావలసింది ఎడమ పక్క, అన్నాడు జోళ్ళాయన. నీకేం కావాలో దాని మీద పెట్టు.

ఏం కావాలో చెప్పమంటే పెద్ద చాంతాడంత జాబితా ఏం కాదు, ఒక్క నవ్వు. జనం నవ్వు కాదు, అది ఈ టేపు నిండా పుష్కలంగా ఉంది, గొంతు తగ్గించుకోవాల్సినంత ఉంది. ఆవిడ నవ్వు. ఆవిడంటే ఆయన భార్య, నాటక సమాజం మొత్తానికి మరిచిన మాట అందించే ప్రాంప్టరమ్మ, లైట్ల పని చేసే ఆ బామ్మర్దికి సొంత అక్క, నిరుడు కాక ముందటేడు వానల్లో ఆసుపత్రి మంచం మీంచి చడీచప్పుడు లేకుండా పక్కకి తప్పుకున్న మనిషి. పక్కకి తప్పుకోవడం ఆవిడ వృత్తిధర్మం మరి. ప్రాంప్టరన్నాక నటుడికి వినపడాలి, జనానికి వినపడకూడదు, ఎవ్వరికీ కనపడకూడదు. ఫొటోలు తీసేటప్పుడు కూడా ఆ అలవాటు పోక ఎవరో ఒకరి భుజం వెనక్కి ఒదిగిపోయేది. ఇంట్లో ఉన్న ఫొటోల్లో కొన్నిట్లో ఆవిడ ఒక చెవి, కొన్నిట్లో ఒక మోచెయ్యి, అన్నీ అతికించినా మనిషి పూర్తికాదు. గోడకి తగిలించడానికని చివరికి గుర్తింపు కార్డులోది పెద్దది చేయించారు. అందులో ఎవరో మాట తప్పితే అందించడానికి కాచుక్కూర్చున్నట్టు పెదాలు బిగబట్టి ఉంటుంది. తెర వెనక బతికిన మనిషిని ఇప్పుడు తెర మీద వెతుక్కోవాల్సి వచ్చింది, బాగుంది వరస అనుకున్నాడు, అనుకోగానే అలవాటు ప్రకారం మొహం ఎడం పక్కకి తిరిగింది, మాట పేలిందా లేదా అని. అక్కడెవరున్నారు, ఫ్రేములు. కళ్ళు లేని కళ్ళజోళ్ళు.

ఆయన పని ఆ ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, ముక్కుకి సరిపోయేలా వంచడం, చెవికి సరిపోయేలా సాగదియ్యడం. కళ్ళజోళ్ళాయన అని పూర్తిగా పిలవడానికి బద్ధకించి జనం జోళ్ళాయన చేసేశారు, ఆ పేరు విని కొత్తవాళ్ళు తెగిన చెప్పులు పట్టుకొచ్చి కుట్టమన్న రోజులు కూడా ఉన్నాయి. అలా వచ్చిన మొదటి రోజు దాన్ని దాచుకుని దాచుకుని ఇంటికెళ్ళి అభినయంతో సహా చెప్తే ఆవిడ నవ్వలేదు. కుట్టి ఇవ్వకపోయారా పాపం, అంది. అదీ ఆవిడ. కళ్ళకి జోడు అమ్ముకునే మనిషికి ఇప్పుడు మనిషి జోడు లేదు, చూశారా, ఇలాంటివి ఆయనకి ఏడుపొచ్చేటప్పుడు కూడా వాటంతటవే వచ్చేస్తాయి, ఆపుకోలేడు, నోరు కట్టేస్తే ముక్కుతో శ్లేషిస్తారు మీరు, అని ఆవిడే అనేది, అంటూ కూడా నవ్వేది కాదు. పగలంతా దుకాణం, పొద్దు వాలాక రిహార్సలు. నవ్వించే వేషమంటే ఆయనే. ఆయన గుమ్మంలో కాలు పెడితే చాలు ముందు వరస కదిలేది, రెండో మాటకి వెనక వరస కుర్చీలు కిర్రుమనేవి, హాలు కాపలావాడు కూడా తలుపు సందులోంచి పళ్ళు బయటపెట్టేవాడు. అందరూ నవ్వారు. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. వాళ్ళ సంసారం మొత్తానికి తీరని తగువంటూ ఉంటే అదొక్కటే.

"నేను నవ్వుతూనే ఉంటానండీ" అనేది.

"ఎప్పుడు?"

"మీరు చూడనప్పుడు."

చూడనప్పుడు నవ్వితే నాకెలా తెలుస్తుందోయ్ అంటే, అది మీ బాధ, అనేది. ఆయనకి చిన్నప్పుడు కుడి చెవి మీద బంతి తగిలి అది సగం పని మానేసింది, అందుకని ఆవిడెప్పుడూ ఆయనకి ఎడం పక్కనుండే వింగులోనే, పక్క గుడ్డల చాటున, నిలబడేది, ఎడం చెవికి అందేలా. హాలు నవ్వుతున్నప్పుడు నటుడికి చెయ్యడానికేం ఉండదు, అలలు తగ్గేదాకా ఆగాలి, ఆ ఆగినప్పుడల్లా ఆయన ఓరకంట ఎడం పక్కకి చూసేవాడు. ఎన్ని నాటకాలు, ఎన్ని ఊళ్ళు, ఎప్పుడు చూసినా వంచిన తల, నాటకం ప్రతి మీద వేలు, వేలి మీద వెలుగు. ఆ వెలుగు బామ్మర్ది చలవే, పెన్నంత టార్చి కొనిచ్చి, వెలుగు బయటికి పొక్కకుండా దాని మూతికి తన లైట్ల పెట్టెలోంచి చించిన ఎర్ర కాగితం చుట్టాడు. ఆ వేలు అప్పటికే తర్వాతి వాక్యం మీద ఉండేది. ప్రాంప్టర్ చూపు నటుడి నాలిక కన్నా ఎప్పుడూ ఒక వాక్యం ముందుండాలి, లేకపోతే తప్పిన మాట అందించేదెట్లా. ఇంట్లో కూడా అంతే, ఆయన ఏమోయ్ అనగానే కళ్ళజోడు బీరువా మీదుంది అనేది, ఆయన అడగబోయింది అదే. వెళ్ళిపోవడంలో కూడా ఒక వాక్యం ముందే వెళ్ళింది, ఈయన ఇంకా తన వాక్యం మధ్యలో ఉండగా.

సరే. కంట్రోల్. నొక్కాడు, నొక్కిపట్టాడు, బాణాన్ని తెరకి ఎడం అంచున పెట్టి చక్రం తిప్పాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు, బొమ్మ నిశ్శబ్దంగా ఒక అంగ ముందుకేసింది. అది ఒక బడి హాలు, పక్క గుడ్డలు ఇరుకైనవి, అందుకే రెండు పక్కలా వింగులు సందుల్లా తెరుచుకుని ఉన్నాయి. ఎవరో హాలు వెనక స్టాండు మీద కెమెరా పెట్టి వదిలేశారు, అది కదలకుండా మెదలకుండా కన్నార్పకుండా మొత్తం చూసేసింది. ఇన్నాళ్ళూ ఎవరింటి అటక మీదో ఉంది ఆ చూపు. మధ్యలో పిట్టంత ఆయన, భుజాన గోతం, దొంగ వేషం. ఇంట్లోకి దొంగతనానికొచ్చిన వాణ్ణి చూసి ఇంటాయన తాళాలు బాగుచేసేవాడనుకుంటాడు, అదీ నాటకం. చక్రం ఇంకొంచెం తిప్పాడు. దొంగ తెర అంచు దాటి బయటికి పోయాడు. పోనీ. నిన్ను చూసి చూసి విసుగొచ్చింది వెధవా, నీ పక్కన ఎవరున్నారో చూడనీ. చీకటి పెరిగింది, చీకట్లో ఒక నిలువు నీడ, నీడకి భుజాలు, భుజం మీద కొంచెం వంగిన తల లాంటిది. ఉంది. ఉందే, అక్కడే ఉంది. జోళ్ళాయన వేలు చక్రం మీద ఆగిపోయింది, వేలి కింద చక్రం వెచ్చగా ఉంది, లేదా వేలే వెచ్చగా ఉందేమో, ఏమోయ్ అన్నాడు బయటికే, ఖాళీ దుకాణంలో, ఏమోయ్, ఇక్కడున్నావా.

ఇంకొంచెం తిప్పుదామని తిప్పితే భుజాలు మెట్లు మెట్లయ్యాయి, ఇంకొంచెం తిప్పితే మొహం పలకలైంది, కళ్ళుండాల్సిన చోట గళ్ళున్నాయి. కళ్ళు గళ్ళయిపోతే చూపెక్కడ దొరుకుతుంది. దూరంగా ఉన్నప్పుడు మనిషిలాగే ఉంటుంది, దగ్గరికెళ్ళేకొద్దీ ఇటికలు పేర్చిన గోడ. కొంచెం వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు, ఎడమ చెవి నొక్కి లాగాడు, ఎక్కువ లాగేసి చీకటి తప్ప ఏమీ లేని చోటికి పోయి గాభరాపడ్డాడు, మళ్ళీ లాక్కొచ్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆదివారాలు ఆవిడ దుకాణానికొచ్చి కూర్చునేది, ఇదే స్టూలు, కీలులో పట్టే నువ్వుగింజంత స్క్రూని పట్టకారుతో ఎత్తి, ఊపిరి కూడా పీల్చకుండా, సరిగ్గా బెజ్జంలో దింపేది. ఆయన చెయ్యి అదిరేది, ఆవిడది అదిరేది కాదు, రాతి చెయ్యి నీది అంటే, రాతి మొగుడితో కాపురం చేస్తున్నాం కదా, అనేది. సూదిలో దారం ఒక్క పోటుకి ఎక్కించేది. అలాంటి నిబ్బరం మనిషిని నవ్వించగలనని పందెం కాసుకున్నట్టు బతికాడు ఆయన, పొద్దున పళ్ళు తోముకుంటూ ఒకటి, టీ గ్లాసు అందుకుంటూ ఒకటి, దీపం ఆర్పాక ఒకటి. తను జోకు మొదలెట్టబోతుంటే చాలు ఆవిడ మొహం అటు తిప్పేసుకునేది, కిటికీ వైపో పొయ్యి వైపో, తర్వాత ఇటు తిరిగేటప్పటికి మామూలు మొహం. అందులో 'కూడా' అనే మాట వదిలేశారు, అనేది. జోకు వింటే తప్పు దిద్దడం, అదీ బహుమానం.

ఆసుపత్రిలో చివరి మధ్యాహ్నం ఇదే నాటకంలో మాట చెప్పబోయాడు. ఏం చెప్పాలో తెలీనప్పుడు ఆయనకి తెలిసిన మాటలు అవే. ఇంటాయన, మీ చెయ్యి చాలా తేలికండీ, అంటాడు తాళం ఇట్టే వచ్చేసిందని, దానికి దొంగ జవాబు. మొదలెట్టకుండానే ఆవిడకి దగ్గొచ్చింది, చిన్న దగ్గు, కంఠం దగ్గర అదిరింది, నీళ్ళు తాగించమని నర్సుని పిలిచాడు, ఆ హడావిడిలో మాట మరిచిపోయాడు. అందుకే అండీ, ఎక్కడ పెట్టినా... ఎక్కడ పెట్టినా... అని ఆగిపోతే ఆవిడ కళ్ళు తెరవకుండానే పెదాలు కదిపింది. బరువెక్కి, అంది. అవును, ఎక్కడ పెట్టినా బరువెక్కి వస్తుంది. నర్సు నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆవిడ ఆయనకి అందించిన చివరి మాట అది, బరువెక్కి. అప్పట్నించీ ఆ చెయ్యి ఎక్కడ పెట్టినా బరువెక్కే వస్తోంది.

ఇప్పుడు తెర మీద ఆ మాట రాబోతోంది. సౌండు కొంచెం పెంచాడు, బొమ్మని ఆ నీడ మీదే నిలబెట్టాడు. గళ్ళు పడని మేరకి పెద్దది, మనిషిగా తెలిసే మేరకి చిన్నది, ఆ మేర పట్టుకోవడానికి అద్దాల నంబరు పట్టుకున్నంత ఓపిక పట్టింది. మీ చెయ్యి చాలా తేలికండీ. తన గొంతే, ఎంత పడుచుగా ఉంది, అందుకే అండీ, ఎక్కడ పెట్టినా బరువెక్కి వస్తుంది. హాలు విరుచుకుపడింది. జోళ్ళాయన ఆ హాల్లో ఎవరి మొహమూ చూడలేదు, నీడనే చూశాడు, రెప్ప వెయ్యలేదు. నీడ కదల్లేదు. తల కూడా ఎత్తలేదు. బొమ్మ కిందున్న జారుడుపట్టీ వెనక్కి లాగి మళ్ళీ చూశాడు. మీ చెయ్యి చాలా తేలికండీ. కదల్లేదు. తాళాల జోకు పెట్టాడు, ఏం బాగుచేస్తారు మీరు అంటే, తాళాలండీ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చేస్తాను, అనేది. చప్పట్లు. నీడ రాయిలా ఉంది. భుజం అదరలేదు, మెడ వంగలేదు, ఇంత మంది నవ్వు గాలిలా వచ్చి కొడుతుంటే కూడా కొంచెమైనా ఊగలేదు. అయితే నిజమే అన్నమాట. నవ్వుతూనే ఉంటానండీ అన్నది నా మనసు కష్టపెట్టకుండా అన్నది. ఇన్నేళ్ళు, ఇంత వాగుడు, ఇంత వెకిలితనం భరించింది తప్ప ఆవిడకి నేను ఒక్కసారి కూడా... అంతే అనుకున్నాడు, ఈసారి మాటలేవీ ఒకదానితో ఒకటి అంటుకోలేదు, శ్లేష రాలేదు, ఉత్తి మాటలే వచ్చాయి. చక్రాన్ని కిందికి నొక్కాడు. బొమ్మ మొదటికొచ్చింది, మధ్యలో మళ్ళీ పిట్టంత దొంగ, ఖాళీ గోతంతో ఎగురుతున్నాడు.

లోపలెవరన్నా ఉన్నారా అని షట్టరు కింద నుంచి ఒక చేతికర్ర, దాని వెనక ఒక పెద్దావిడ వంగి వచ్చారు. పొద్దున ఇస్తానన్న జోడు. జోళ్ళాయన కళ్ళు తుడుచుకుని, ఆవిడ ముక్కు కొలత చూసి, చెవి దగ్గర కొంచెం వంచి పెట్టి, దూరం ఎలా ఉందో చూడమని అలవాటుగా వీధి అవతలి బోర్డు వైపు చెయ్యి చూపించాడు. బోర్డు ఎక్కడుంది, షట్టరుంది. ఆ మసక వెలుతుర్లో గోడమీది కాలెండరు ఆయనకే కనపడదు. పోనీ ఆ కంప్యూటరు చూడండమ్మా, అక్కణ్ణించే, అన్నాడు. పెద్దావిడ గడపలోనే నిలబడి గడ్డం ఎత్తి చూసింది. బాగా తెలుస్తోందట. ఎవరో గోతం పట్టుకుని గంతులేస్తున్నాడట. నేనేనండీ అది, అంటే ఆయన్నీ తెరనీ మార్చి మార్చి చూసి, అప్పట్లో జుట్టుండేదన్నమాట, అంది. జోడు పనిచేస్తోందనడానికి అంతకన్నా రుజువక్కర్లేదు. డబ్బీ అందుకుని వెళ్ళబోతూ ఆగింది.

"ఆ చివరాఖర్న ఎర్రగా వణుకుతోందేం నాయనా?"

"అది టేపు లోపమండీ."

"లోపమా. ఎవరో దీపం పట్టుకున్నట్టుంటేనూ" అంది, అని షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయింది.

దీపం. ఎర్రగా. జోళ్ళాయన చేతిలో పెద్దావిడ తీసిచ్చిన పాత జోడు అలాగే ఉంది. కుడి మూల చుక్క. కుడి మూలేం ఉంది, ఆవిడెప్పుడూ నాకు ఎడం పక్కే కదా, నా ఎడం చెవికి, నా ఎడం... నా. నా ఎడమ. తెరకి ఎదురుగా కూర్చున్నవాడు లేచాడు, తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు, వేదిక మీద నిలబడినట్టు, ఎదురుగా జనం బదులు కళ్ళజోళ్ళు, ఎడం చెయ్యి పక్కకి చాపాడు, చాపిన చెయ్యి అలాగే ఉంచి మెడ తిప్పి చూశాడు. వేలు తెరకి కుడి మూల చూపిస్తోంది. ఎన్నేళ్ళు ఆ వేదికల మీద తిరిగినా ఒక్కసారీ కిందికి దిగి జనంలో కూర్చుని తనని తాను చూసుకోని మనిషి, ఆయన ఎడమ జనానికి కుడి అని ఎలా తడుతుంది. మరి ఆ ఎడం పక్క నీడో? కూర్చుని బాణం పెట్టి తిప్పి చూస్తే, ఇప్పుడు తెలిసి చూస్తే తెలిసింది, రెండో అంకంలో తను వేసుకోవాల్సిన పోలీసు కోటు, పైన టోపీతో సహా మేకుకి తగిలించి ఉంది. ఇంతసేపూ ఆయన గుండెలు పిండుకుని ఏమోయ్ అని పిలిచింది కోటుని. నవ్వమంటే ఎలా నవ్వుతుంది మరి, పోలీసు కోటు.

చక్రం నొక్కాడు. మొదటికొచ్చింది. ఈసారి బాణం కుడి మూలకి తీసుకెళ్ళాడు, చెయ్యి అదురుతోంది, ఆయనదెప్పుడూ అదురుతుంది, తిప్పడానికి భయమేసింది. ఎక్కువ తిప్పితే గళ్ళు, కొంచెమే తిప్పాలి, ఒక్క మెట్టు. చీకట్లో మినపగింజంత ఎర్ర చుక్క. కింద దాని వెలుగు పడిన కాగితం చిన్న ముక్క. మొహం లేదు, భుజాల్లేవు, చుక్క ఒక్కటే. ఇంటాయన ఏదో వాగుతున్నాడు, చుక్క నిలకడగా ఉంది, గోడకి కొట్టిన మేకులా, రాతి చెయ్యి. దొంగ గోతం దింపాడు, నిలకడగానే ఉంది. తర్వాత ఉన్నట్టుండి వణికింది. సన్నగా, గబగబా, నీళ్ళ మీద వెలుగులా వణికింది. జోళ్ళాయన జోకు రాలేదే ఇంకా అనుకున్నాడు, టేపు లోపమేనేమో అనుకున్నాడు, అనుకుంటూ ఉండగా ఇంటాయన, ఏం బాగుచేస్తారు మీరు, అన్నాడు, తాళాలండీ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చేస్తాను, హాలు ఘొల్లుమంది, అప్పటికి చుక్క నిలకడగా నిలబడి ఉంది. పిట్టంత దొంగ ఆ నవ్వు మధ్యలో ఓరకంట అటు చూశాడు. వంచిన తల, ప్రతి మీద వేలు, తర్వాతి వాక్యం.

పట్టీ వెనక్కి లాగాడు. మళ్ళీ చూశాడు. తేలిక చెయ్యి దగ్గర పెట్టాడు. ఇంటాయన ఇంకా తాళం కేసి చూస్తూనే ఉన్నాడు, మీ చెయ్యి అనలేదు ఇంకా, చుక్క వణకడం మొదలెట్టింది, ఆగలేక ఆగలేక ఒకసారి ఎగిరి, మళ్ళీ కాగితం మీదికొచ్చి, సర్దుకుని, నిలబడ్డాక ఆయన మాట అన్నాడు. ఒక వాక్యం ముందు. ప్రాంప్టర్ చూపు ఒక వాక్యం ముందుంటే నవ్వు మాత్రం ఎక్కడుంటుంది మరి. హాలుకంటే ముందు, అసలు తను నోరు తెరవడానికంటే ముందు, ఆవిడ నవ్వేసి, తుడిచేసుకుని, తన మాట తప్పితే అందించడానికి సిద్ధంగా వచ్చి నిలబడేది, తను ఆ తర్వాత వచ్చి చూసేవాడు, రైలెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం చూసినట్టు. మీరు చూడనప్పుడు. కిటికీ వైపు తిప్పుకున్న మొహం, పొయ్యి వైపు తిప్పుకున్న మొహం, తను ఊపిరి పీల్చగానే ఏం వాగబోతున్నాడో తెలిసిపోయి, అటు తిరిగి నవ్వేసి, ఇటు తిరిగి, అందులో 'కూడా' ఉంది. ఆసుపత్రిలో కంఠం దగ్గర అదిరింది. దగ్గనుకున్నాడు. నీళ్ళు తెప్పించాడు. ఓరి నా తెలివి మండా, దగ్గనుకుని నీళ్ళు తెప్పించాడు.

నాటకం దానంతటదే నడుస్తోంది, చుక్క వణకడం, తర్వాత హాలు నవ్వడం, ఉరుము ముందు మెరుపులా ఒకదాని వెంట ఒకటి, మరుపులో పడిపోయిన జోకులన్నీ ముందు ఆ మెరుపు చూసి గుర్తుతెచ్చుకుంటున్నాడు, ఇప్పుడు ఆవిడ అందిస్తోంది, మాట బదులు వెలుగు. ఇంతలో తలుపు దృశ్యం వచ్చింది. ఇది మాత్రం ప్రతిలో లేదు. దొంగ తలుపు తెరవాలి, ఆ రోజు అట్ట తలుపు తెరుచుకోలేదు, గట్టిగా లాగితే చట్రంతో సహా ఊడి చేతిలోకొచ్చింది. ఒక్క క్షణం ఎవరికీ ఏం తోచలేదు, ఇంటాయన వేషగాడు గుడ్లప్పగించాడు, ఎడం చెవి వింగు వైపు పెట్టాడు దొంగ, అక్కణ్ణించి మాట రాలేదు, ఎలా వస్తుంది, ప్రతిలో లేనిది ఆవిడైనా ఎక్కణ్ణించి తెస్తుంది. ఆయన తలుపుని ఎత్తి ఇంటాయన చేతుల్లో పెట్టి, "తీసుకోండి, ఇక తాళంతో పన్లేదు, బయటికెళ్ళేప్పుడు తలుపు వెంట పట్టుకెళ్ళండి" అన్నాడు. హాలు లేచి నిలబడింది. ఆ రోజు కూడా ఆయన ఆ గోలలో ఎడం పక్కకి చూశాడు, చూస్తే తలుపు అడ్డం, ఇంటాయన దాన్ని కౌగిలించుకుని సరిగ్గా ఆ మధ్యే నిలబడి ఉన్నాడు.

కెమెరాకి ఏ తలుపూ అడ్డం లేదు. చుక్క అప్పటిదాకా కదల్లేదు, ఈసారి ఒక వాక్యం ముందు ఉండటానికి ఆవిడకి వాక్యమే లేదు. అందరితో పాటు విన్నది, అందరితో పాటే. చుక్క ఒక్కసారిగా కాగితం మీంచి లేచింది, చీకట్లో అడ్డంగా గీత గీసింది, పైకి పోయింది, నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి అది, చేతిలో టార్చి ఉందని మరిచిపోయిన చెయ్యి, జీవితంలో ఒకే ఒక్కసారి పట్టుతప్పిన చెయ్యి, మొహమంతా ఎర్రగా వెలిగింది. జోళ్ళాయన ఆపాడు. దొంగ ఆగాడు, హాలు ఆగింది. కంట్రోల్ నొక్కిపట్టి బాణం సరిగ్గా అక్కడ పెట్టి తిప్పాడు, తిప్పాడు, తెరంతా అదే అయ్యేదాకా తిప్పాడు. గళ్ళు. ఎరుపు గడి, నలుపు గడి, ముదురెరుపు, మధ్యలో అడ్డంగా తెల్లటి గళ్ళ వరస. మళ్ళీ ఇటికల గోడే. దగ్గరికి జరిగాడు, ముక్కు అద్దానికి ఆనేదాకా జరిగాడు, దగ్గరికెళ్ళేకొద్దీ ఆవిడ లేదు. ఆవిరి పట్టింది, తెరకో జోడుకో తెలీలేదు, తుడుద్దామని జోడు తీశాడు.

ఊరందరి చూపూ సరిచేసే మనిషి చూపు జోడు తీస్తే ఎంత అధ్వానమో దుకాణంలో ఎవరికీ చెప్పడు. అంచులు పోయాయి. గళ్ళ గీతలు ఒకదాన్లో ఒకటి కరిగాయి, మెట్లు బుగ్గయ్యాయి, నలుపు గళ్ళు మూసిన కళ్ళయ్యాయి, గట్టిగా మూసిన కళ్ళు, చివర్లు ముడతలు పడేలా మూసుకున్న కళ్ళు, చెయ్యి నోటికి పూర్తిగా అందలేదు, పక్క నుంచి పళ్ళన్నీ బయటపడ్డాయి. ఇన్నేళ్ళ సంసారంలో ఆ పళ్ళన్నీ ఒక్కసారి చూడలేదు. జోళ్ళాయన చేతిలో జోడు అలాగే ఉంది, పెట్టుకోలేదు, పెట్టుకుంటే పోతుంది.

ఫోను తడుముకుని నొక్కాడు. బామ్మర్ది చెయ్యి ఖాళీ లేని గొంతుతో ఎత్తాడు, అయిపోవస్తోంది బావా, ఆ మూల కత్తిరించేస్తే బ్రహ్మాండంగా వస్తోంది బొమ్మ, అన్నాడు.

"కత్తిరించకురా. అది ఉండనీ."

"లోపం బావా అది. చూసేవాళ్ళకి చిరాకు. ఏంటి దానితో నీకు పని?"

చెప్పాలి. ఎప్పుడూ నోరు మూతపడని మనిషికి ఒక్క మాట రాలేదు, తల దానంతటదే ఎడం పక్కకి ఒరిగింది, ఎడం చెవి చాపి, అందుతుందేమోనని, ఒక్క క్షణం. అక్కడ కళ్ళు లేని ఫ్రేములు. ఫోనులో బామ్మర్ది బావా, బావా అంటున్నాడు. ఎవరూ అందించలేదు, తనే వెతుక్కున్నాడు.

"అది మీ అక్కరా" అన్నాడు. "నవ్వుతోంది."